కృపకు వెల లేదు: సమృద్ధి సువార్తపై తెలుగు సంఘాల సభ తీర్మానం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని వివిధ సంఘాల కాపరులు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజాల ప్రతినిధులు, యవ్వనస్థుల కూటాల ప్రతినిధులు హాజరైన ఈ సభ ఒక బోధను పరిశీలనకు తీసుకున్నది. విశ్వాసికి ధనం, ఆరోగ్యం, విజయం ఈ లోకంలోనే దక్కి తీరాలనీ, కానుక ఇచ్చి, నోటితో పలికి వాటిని దేవుని వద్ద రాబట్టుకోవచ్చనీ ఆ బోధ చెబుతున్నది. ఈ పత్రంలో దానిని సమృద్ధి సువార్త అని పేర్కొనడమైనది. చర్చ ముగిసిన మీదట సభ ఈ దిగువ విషయాలను నమోదు చేసి, ఈ దిగువ నిర్ణయాలు తీసుకున్నది.

మొదటి భాగం: సభ గమనించిన విషయాలు

1. సభ గమనించినది ఏమనగా, ఈ బోధ ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో రూపుదిద్దుకున్నది. విశ్వాసి నోటి మాటకు ఇ.డబ్ల్యు. కెన్యన్ (1867–1948) తన రచనల్లో ఇచ్చిన ప్రాధాన్యాన్ని కెన్నెత్ హేగిన్ (1917–2003) పూర్తి బోధగా విస్తరించారు. 1974లో ఆయన ఓక్లహోమా రాష్ట్రంలో ప్రారంభించిన రేమా బైబిలు శిక్షణ కేంద్రం ద్వారా అది అనేక దేశాలకు చేరింది. కానుకను విత్తనంగా వేసి దానికి పంట కోసం ఎదురుచూడమనే పద్ధతిని ఓరల్ రాబర్ట్స్ (1918–2009) టెలివిజన్ ద్వారా ప్రచారం చేశారు. ఇది ఆది సంఘం నుంచి పరంపరగా వచ్చిన బోధ అని చెప్పడానికి ఆధారం లేదు.

2. సభ గమనించినది ఏమనగా, ఈ బోధ పుట్టిన దేశంలోనే దాని ఫలితాలు బహిరంగమయ్యాయి. నిర్ణీత గడువులోగా 80 లక్షల డాలర్లు సమకూరకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని 1987లో ఓరల్ రాబర్ట్స్ టెలివిజన్‌లో ప్రకటించారు. టెలివిజన్ ప్రసంగీకుడు జిమ్ బేకర్‌ను 1989లో అక్కడి న్యాయస్థానం మోసం నేరం కింద దోషిగా నిర్ధారించింది. తాను బోధించిన సమృద్ధి సువార్త తప్పని ఆయనే 1996లో ప్రచురించిన పుస్తకంలో ఒప్పుకున్నారు. 2007లో సెనేటర్ చక్ గ్రాస్లీ ఆరు టెలివిజన్ పరిచర్యల ఆర్థిక వ్యవహారాలపై వివరాలు కోరారు. 2011లో ఆ విచారణ ఎవరిపైనా చర్య లేకుండా ముగిసింది. కొన్ని పరిచర్యలు పూర్తి వివరాలు ఇవ్వలేదు. దాతకు లెక్క చెప్పే బాధ్యతను సంఘమే తన మీద వేసుకోకపోతే బయటి విచారణ ఒక్కటే ఆ పని చేయలేదని సభ గ్రహించింది.

3. సభ గమనించినది ఏమనగా, ఈ బోధకు అభ్యంతరం చెప్పినవారిలో పెంతెకొస్తు సంఘాలూ, పేద దేశాల సంఘాలూ ఉన్నాయి. నోటి ఒప్పుకోలుతో ఆరోగ్యం, ఐశ్వర్యం సాధించవచ్చనే బోధలోని లోపాలను అమెరికాలోని అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1980లోనే ఒక పత్రంలో వివరించింది. ప్రపంచ సువార్తీకరణ కోసం పనిచేసే లొసాన్ ఉద్యమానికి చెందిన ఆఫ్రికా వేదాంతులు 2008లోను, 2009లోను ఘానా దేశంలోని అక్రొపాంగ్‌లో సమావేశమై ఈ బోధను పరిశీలించి, అది సువార్తను వక్రీకరిస్తున్నదని ప్రకటించారు. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన లొసాన్ మహాసభ నిబద్ధతా పత్రం కూడా ఇదే వైఖరి తీసుకున్నది. కాబట్టి ఈ తీర్మానం ఒక శాఖ మరొక శాఖ మీద చేస్తున్న ఆరోపణ కాదు.

4. సభ గమనించినది ఏమనగా, ఈ బోధ అనువాద పుస్తకాలు, టీవీ చానళ్లు, యూట్యూబ్ ప్రసారాలు, స్వస్థత మహాసభల ద్వారా తెలుగు సంఘాల్లో స్థిరపడింది. ప్రతినిధులు తమ ప్రాంతాల్లో చూసినవిగా ఈ పద్ధతులను సభ ముందు ఉంచారు: కానుక మొత్తాన్ని బట్టి ప్రార్థన చేసే సమయం మారడం; అభిషేక తైలం సీసాలు, ప్రార్థన చేసిన చేతిరుమాళ్లు సొమ్ముకు ఇవ్వడం; నూతన సంవత్సర ఆరాధనలో వాగ్దాన కార్డుతోపాటు విత్తన కానుక కవరు చేతికివ్వడం; ప్రత్యక్ష ప్రసారంలో డబ్బు పంపినవారి పేర్లు మాత్రమే చదివి ప్రార్థించడం; వీసా, ఉద్యోగం, సంతానం, కోర్టు కేసు ఒక్కొక్కదానికి ఒక్కొక్క కానుక నిర్ణయించడం.

5. సభ గమనించినది ఏమనగా, ఈ బోధను వింటున్నవారిలో అత్యధికులు అవసరంలో ఉన్నవారు. సొంత భూమి లేని కూలీలు, కౌలు రైతులు, ఆసుపత్రి ఖర్చుకు వడ్డీకి అప్పు తెచ్చినవారు, గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లిన తల్లుల కుటుంబాలు వారిలో ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవాన్ని స్వీకరించిన దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చదు. దానివల్ల చదువులో, ఉద్యోగంలో కోల్పోయిన అవకాశాల భారమూ ఈ కుటుంబాల మీదే ఉన్నది. బిడ్డకు జబ్బు నయం కావాలని, అప్పు తీరాలని దేవుణ్ణి వేడుకోవడం తప్పు కాదు. ఈ తీర్మానం ఆ వేడుకోలును నిందించదు. దానిని ఆదాయ మార్గం చేసుకున్నవారిని ఉద్దేశించినది.

6. సభ గుర్తుచేసుకుంటున్నది ఏమనగా, విశ్వాసాన్ని లాభంతో ముడిపెట్టవచ్చా అన్న ప్రశ్న తెలుగు సంఘ చరిత్రలో కొత్తది కాదు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమంది ఆకలిగొన్నవారికి కూలి పని కల్పించారు. ఆ పనిలో ఉన్నవారికి తెలుగు బోధకులు సువార్త చెప్పారు. బాప్తిస్మం కోరి వచ్చినవారు ఎందరు ఉన్నా కరువు సాయం నడుస్తున్నంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ సంఘంలో చేరకూడదన్నదే ఆయన నియమం. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. రొట్టె ఇచ్చే చేయి అక్కడ విశ్వాసాన్ని కొనలేదు. మన సంఘాల పునాదిలో ఉన్న ఈ నియమాన్ని సమృద్ధి సువార్త తలకిందులు చేస్తున్నది.

7. సభ గుర్తుచేసుకుంటున్నది ఏమనగా, తెలుగు సంఘాలకు ప్రార్థన, వైద్యం రెండూ దేవుని ఈవులుగానే అందాయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి క్షయ రోగులకు చికిత్సాలయం నెలకొల్పాయి. రోగి పక్కన ప్రార్థించినవారే రోగికి మందు కూడా ఇచ్చారు. మందు మింగడం అవిశ్వాసమని ఆ తరం ఎన్నడూ బోధించలేదు.

రెండవ భాగం: సభ విశ్వాస వైఖరి

8. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, దేవుడు మనిషి శరీరాన్ని, ఆకలిని, కన్నీటిని పట్టించుకునే తండ్రి. రోగుల కోసం ప్రార్థించమని యాకోబు పత్రిక 5:14 ఇచ్చిన ఆజ్ఞను ఈ సభ శిరసావహిస్తున్నది. దేవుడు నేడు స్వస్థపరచగలడనీ, స్వస్థపరుస్తున్నాడనీ నమ్ముతున్నది. పేదరికం దానంతట అదే పుణ్యమని ఈ సభ చెప్పదు. కష్టపడి సంపాదించిన ధనాన్ని పాపమనీ చెప్పదు. ఈ సభ కాదంటున్నది ఒక్కటే: దేవుని దయను మనిషి షరతులతో, సొమ్ముతో, మాటల పద్ధతితో కట్టిపడేయవచ్చన్న బోధ.

9. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, అబ్రాహాము ఆశీర్వాదం విశ్వాసికి ఆస్తిగా దక్కుతుందన్న వాదన గలతీయులకు 3:13–14 మీద నిలబడదు. క్రీస్తు సిలువ ద్వారా అన్యజనులకు చేరిన ఆ ఆశీర్వాదం వాగ్దానం చేయబడిన ఆత్మ అని ఆ వచనాలే చెబుతున్నాయి. మూడవ యోహాను 2వ వచనం ఒక పెద్ద తన స్నేహితుడి క్షేమం కోరిన పలకరింపు. అది ప్రతి విశ్వాసికీ ఐశ్వర్యాన్ని రాసిచ్చిన పత్రం కాదు. యిర్మీయా 29:11 బబులోను చెరలో డెబ్బై ఏళ్లు గడపవలసిన జనానికి రాసిన ఉత్తరంలోని మాట. దాన్ని విన్నవారిలో చాలామంది చెరలోనే కన్నుమూశారు. ఆ వాగ్దానం వారి విషయంలో విఫలం కాలేదు.

10. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, విశ్వాసం ఉన్నచోట రోగం ఉండదన్న బోధను అపొస్తలుల జీవితాలే ఖండిస్తున్నాయి. పౌలు మూడుసార్లు వేడుకున్నా అతని శరీరంలోని ముల్లు తొలగలేదు. త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని పౌలే రాశాడు. తిమోతికి తరచూ వచ్చే అస్వస్థతకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సూచించాడు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడు. వీరిలో ఎవరి విశ్వాసాన్నీ పౌలు తప్పుపట్టలేదు. యెషయా 53లోని స్వస్థతను మత్తయి సువార్త 8వ అధ్యాయం యేసు చేసిన స్వస్థతలకూ, పేతురు మొదటి పత్రిక 2వ అధ్యాయం పాపవిమోచనకూ అన్వయించాయి. సృష్టి అంతా మూలుగుతున్నదనీ, దేహ విమోచన కోసం మనమూ ఇంకా ఎదురుచూస్తున్నామనీ రోమీయులకు 8వ అధ్యాయం బోధిస్తున్నది. ఆ చివరి దినాన నెరవేరవలసినదంతా ఈ ఆదివారమే జరిగి తీరాలని దేవుని మీద పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదు.

11. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, ప్రార్థన ఆజ్ఞ కాదు. అడిగినది దొరుకుతుందని చెప్పిన ప్రభువే గెత్సేమనేలో తన కోరికను తండ్రి చిత్తానికి అప్పగించాడు. ఆ గిన్నె తొలగలేదు. ఆయన ప్రార్థనలో విశ్వాసం కొరవడిందని ఎవరూ అనలేరు. నీ చిత్తమైతే అని ప్రార్థించడం సందేహానికి గుర్తని బోధించేవారు ఈ ప్రార్థన ఎదుట జవాబు చెప్పవలసి ఉన్నది.

12. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, దశమభాగం తెమ్మన్న మలాకీ 3:10ని పేదల మీద బెదిరింపుగా వాడటం ఆ లేఖనానికి విరుద్ధం. ద్వితీయోపదేశకాండము 14:28–29 ప్రకారం మూడవ సంవత్సరపు దశమభాగం లేవీయులకు, పరదేశులకు, తండ్రి లేనివారికి, విధవరాండ్రకు చెందినది. మందిరపు గిడ్డంగి ఖాళీ అయినప్పుడు నెహెమ్యా నిలదీసినది అధికారులను; దానిని పంచడానికి నమ్మకమైనవారిని నియమించాడు. ఇచ్చినవారిలో పేదవాడు ఉన్నప్పుడు ఆ ధాన్యం అతని ఇంటికే తిరిగి చేరే ఏర్పాటు అది. తీసుకునే చేయి ఎన్నడూ పేదవాడివైపు తెరుచుకోని చోట మలాకీ పేరు చెప్పడం తగదు.

13. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, మార్కు సువార్త 12వ అధ్యాయంలోని విధవరాలి రెండు కాసులను కానుకల వసూలుకు ఉదాహరణగా వాడేవారు దానికి ముందు వచనాన్ని విడిచిపెట్టరాదు. దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లను దిగమింగే శాస్త్రులకు ప్రభువు కఠినమైన శిక్ష ప్రకటించిన వెంటనే ఆ విధవరాలు కనిపిస్తుంది. ఆమె తన జీవనమంతా వేసిన ఆ మందిరం రాయి మీద రాయి నిలవకుండా పోతుందని తరువాతి అధ్యాయం మొదట్లోనే ఆయన చెప్పాడు. ఆమె భక్తి ఘనమైనది. ఆమె చేతిలో రెండు కాసులే మిగిల్చిన వ్యవస్థ మీద తీర్పు ఉన్నది.

14. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, ధనం దైవానుగ్రహానికి రుజువు కాదు, లేమి దేవుని కోపానికి రుజువు కాదు. లూకా 16వ అధ్యాయంలో అబ్రాహాము రొమ్మున ఆనుకున్నవాడు కురుపులతో గుమ్మంలో పడి ఉన్న లాజరు. నూరంతల ఫలం చెప్పిన మార్కు 10:30లోనే హింసలు కూడా చేర్చి ఉన్నాయి. హెబ్రీయులకు 11వ అధ్యాయం రాజ్యాలు జయించినవారిని, గొఱ్ఱె చర్మాలు కప్పుకుని గుహల్లో తిరిగినవారిని ఒకే విశ్వాసుల జాబితాలో చేర్చింది. యోబు పాపం చేసి ఉంటాడని వాదించిన స్నేహితుల మీదనే దేవుడు కోపగించాడు.

15. సభ ప్రకటిస్తున్నది ఏమనగా, దేవుని వరాన్ని ద్రవ్యంతో సంపాదించుకోవాలనుకున్న సీమోనును పేతురు గద్దించాడు. ఎలీషా ఉచితంగా చేసిన స్వస్థతకు చాటున వెల పుచ్చుకున్న గేహజీకి నయమాను కుష్ఠు అంటింది. వెండి బంగారాలు తన వద్ద లేవని చెప్పిన పేతురు చేతనే సౌందర్య ద్వారం వద్ద కుంటివాడు లేచి నడిచాడు. స్వస్థతకు, సొమ్ముకు మధ్య గీత గీసినది అపొస్తలులే. దాన్ని చెరిపే అధికారం ఏ పరిచర్యకూ లేదు.

మూడవ భాగం: విచారం, ఖండన

16. సభ తీవ్ర విచారంతో నమోదు చేస్తున్నది: ప్రార్థన తరువాత స్వస్థత కలగనప్పుడు ఆ నేరం రోగి మీదనే పడుతున్నది. విశ్వాసం చాలలేదనీ, రహస్య పాపం ఉందనీ, ఇచ్చిన కానుక అర్ధమనస్సుతో ఇచ్చారనీ చెబుతున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ దుఃఖంతోపాటు బిడ్డ చావుకు తానే కారణమన్న నేరాన్ని కూడా మోస్తున్నది. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు ఇలాంటి ప్రశ్నే వేసినప్పుడు వాడూ, వాడి తల్లిదండ్రులూ కారణం కాదని ప్రభువు తేల్చిచెప్పాడు. బోధ నిజం కాకపోయినా బోధకుడు తప్పించుకునేలా, నేరమంతా వినేవాడి మీదకు పోయేలా అమర్చిన బోధ సువార్త కాదు.

17. సభ ఖండిస్తున్నది: విశ్వాసానికి సాక్ష్యంగా మందులు మానమని చెప్పడాన్ని. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగని రూపం దాల్చవచ్చు, ఇంట్లో పిల్లలకూ సోకవచ్చు. ఇన్సులిన్ మీద బతుకుతున్న పిల్లవాడికి అది ఆపితే రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మూర్ఛ, మానసిక వ్యాధి, హెచ్‌ఐవీ మందులు ఆపినవారి ప్రాణాలకూ ముప్పే. క్యాన్సర్, మధుమేహం వంటి వ్యాధులను మహిమతో నయం చేస్తామన్న ప్రకటనలను దేశంలో 1954 నాటి చట్టం నిషేధిస్తున్నది. ఆ చట్టం వేలెత్తి చూపకముందే సంఘం ఈ పని మానవలసినది.

18. సభ ఖండిస్తున్నది: అప్పు చేసి కానుక ఇవ్వమని ప్రేరేపించడాన్ని. పుస్తెల తాడు కుదువపెట్టి, డ్వాక్రా సంఘం రుణం తెచ్చి, పిల్లల ఫీజు డబ్బు తీసి విత్తన కానుకగా వేసిన కుటుంబాల వివరాలు ప్రతినిధులు సభ ముందు ఉంచారు. బలవంతంగా గాక, మనస్సులో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలన్న నియమం రెండవ కొరింథీయులకు 9వ అధ్యాయంలో ఉన్నది. అప్పు తెచ్చి ఇచ్చిన సొమ్ముతో కట్టిన వేదిక మీద ఆశీర్వాదం ప్రకటించడం దేవుని నామానికి అవమానం.

19. సభ ఖండిస్తున్నది: దళిత కుటుంబాల పేదరికాన్ని తరతరాల శాపంగా చిత్రించి, ఆ శాపం విరగ్గొట్టడానికి ప్రత్యేక కానుక అడగడాన్ని. భూమి ఇవ్వకుండా, బావి తాకనివ్వకుండా, బడిలో కూర్చోనివ్వకుండా ఒక జనాన్ని అణచినవారు మనుషులు. దానికి పేరు అన్యాయం. కోత కూలీల కూలి బిగబట్టినవారి మీద యాకోబు పత్రిక 5:4 నేరం మోపింది. కూలి అందని వారి మీద కాదు. అణచివేతకు గురైనవారినే శాపగ్రస్తులుగా నిలబెట్టే బోధ, అణచినవారు చెప్పిన మాటనే వాక్యం పేరుతో తిరిగి చెబుతున్నది.

20. సభ విచారం వ్యక్తం చేస్తున్నది: రోగి మంచం పక్కన సంఘం కనిపించని చోట్ల ఈ బోధ వేళ్లూనింది. కాపరి ఇంటికి రాని వారాల్లో టీవీ ప్రసంగీకుడు వచ్చాడు. ఈ తీర్మానంలోని నాలుగవ భాగం ఆ ఖాళీని పూడ్చే బాధ్యతను సంఘాల మీద ఉంచుతున్నది.

నాలుగవ భాగం: తీర్మానాలు

21. సభ తీర్మానిస్తున్నది: ఈ సభలో భాగమైన సంఘాల వేదిక మీద కానుకకు ప్రతిఫలంగా ఆరోగ్యం, ధనం, వీసా, ఉద్యోగం, సంతానం వాగ్దానం చేసే ప్రసంగానికి చోటు లేదు. బయటి ప్రసంగీకులను పిలిచే ముందు ఈ షరతును వారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రసంగం మధ్యలో ఈ షరతు మీరినట్లయితే సంఘ పెద్దలు ఆ కూటంలోనే సంఘం వైఖరి చెప్పాలి.

22. సభ తీర్మానిస్తున్నది: ప్రార్థనకు రుసుము లేదు. ఏ ప్రార్థనా మనవితోను కానుక కవరు జతచేయరాదు. కానుక ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు వేదిక మీద చదవరాదు. అప్పుల్లో ఉన్న కుటుంబాన్ని దశమభాగం కోసం నిలదీయరాదు. కోతకాల పండుగకు తెచ్చే ధాన్యం, కోడి, గుమ్మడికాయ సంతోషంగా ఇచ్చేవి. వాటి వేలంలోను ఎవరినీ పాడమని ఒత్తిడి చేయరాదు.

23. సభ తీర్మానిస్తున్నది: నూనె, నీళ్లు, చేతిరుమాలు, ఉప్పు, బొమ్మ దేనినైనా స్వస్థత పేరుతో అమ్మడం, అమ్మినవాటిని సంఘ ఆవరణలో పంచడం నిలిపివేయాలి. యాకోబు పత్రిక చెప్పిన ప్రకారం పెద్దలు రోగి ఇంటికి వెళ్లి నూనె రాసి ప్రార్థించే ఆచారం యథాతథంగా కొనసాగుతుంది.

24. సభ తీర్మానిస్తున్నది: రోగి కోసం ప్రార్థించే ప్రతి కాపరి, డాక్టరు చెప్పేవరకు మందు ఆపవద్దని అదే చోట స్పష్టంగా చెప్పాలి. ప్రతి సంఘం ఒక వ్యక్తిని ఆరోగ్య సహాయకులుగా నియమించాలి. ఆసుపత్రికి తీసుకువెళ్లడం, ఆరోగ్యశ్రీ కాగితాలు సిద్ధం చేయించడం, క్షయ రోగి మందులు పూర్తిచేసేలా చూడటం వారి బాధ్యత. సంఘ సభ్యులు కానివారికీ ఈ సాయం అందాలి.

25. సభ తీర్మానిస్తున్నది: స్వస్థత సాక్ష్యాన్ని వైద్య నిర్ధారణ, ఆ వ్యక్తి సమ్మతి లేకుండా వీడియోగా ప్రసారం చేయరాదు. మైనర్లను, మానసిక వ్యాధిగ్రస్తులను వేదిక మీదకు తెచ్చి చూపరాదు. స్వస్థత కలగనివారు, శోకంలో ఉన్నవారు కూడా తమ విశ్వాసాన్ని సాక్ష్యంగా చెప్పుకునే సమయం ఆరాధనలో ఉండాలి.

26. సభ తీర్మానిస్తున్నది: ప్రతి సంఘం లెక్కలను ఏటా ఆడిట్ చేయించి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. సంఘం ఖాతా కాపరి ఒక్కరి సంతకంతో నడవరాదు. కాపరి కుటుంబ సభ్యులు కోశాధికారులుగా ఉండరాదు. కానుకల క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాకు చెందినదే కావాలి. విదేశీ విరాళాలను 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి లోబడి మాత్రమే స్వీకరించాలి. సంఘం పేరుతో కొన్న స్థలం, వాహనం సంఘం పేరనే ఉండాలి.

27. సభ తీర్మానిస్తున్నది: ప్రతి సంఘం తన కానుకల నుంచి ఒక భాగాన్ని విధవరాండ్రకు, రోగులకు, చదువుకునే పేద పిల్లలకు కేటాయించి, అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ప్రకారం నమ్మకస్థులకు అప్పగించాలి. ఈ సాయానికి సంఘ సభ్యత్వం, బాప్తిస్మం, హాజరు ఏదీ షరతు కారాదు. కరువు కాలంలో ఒంగోలులో పాటించిన నియమం నేటికీ నియమమే.

28. సభ తీర్మానిస్తున్నది: గ్రామ కాపరులకు బతకడానికి సరిపడే జీతం ఇచ్చే బాధ్యతను పట్టణ సంఘాలు పంచుకోవాలి. ఆదివారం పళ్లెంలో పడినదాని మీదే ఇల్లు గడిచే కాపరి మీద ఈ బోధ వైపు మొగ్గే ఒత్తిడి ఎక్కువ. బహిరంగంగా డబ్బు అడగకుండానే హెబ్రోను సహవాసాలను నడిపిన భక్త్‌సింగ్ (1903–2000) మాదిరి మన మధ్యనే ఉన్నదని సభ గుర్తుచేస్తున్నది.

29. సభ తీర్మానిస్తున్నది: రాబోయే సంవత్సరంలో ప్రతి సంఘం యోబు, విలాపవాక్యములు, రెండవ కొరింథీయులకు, ఫిలిప్పీయులకు గ్రంథాలను వారపు బైబిలు అధ్యయనాల్లో వరుసగా చదివి వివరించాలి. వచనాన్ని సందర్భం నుంచి విడదీసి వాగ్దానంగా పంచే కార్డుల స్థానంలో అధ్యాయం మొత్తం చదివే అలవాటును సండేస్కూలు నుంచే నేర్పాలి.

30. సభ తీర్మానిస్తున్నది: ఈ బోధను కొనసాగించే కాపరి విషయంలో మత్తయి 18వ అధ్యాయం చెప్పిన క్రమం పాటించాలి. ముందు ఒంటరిగా, తరువాత ఇద్దరు ముగ్గురి ఎదుట, ఆపైన సంఘం ఎదుట మాట్లాడాలి. సామాజిక మాధ్యమాల్లో దూషణకు ఈ తీర్మానం అనుమతి కాదు. బోధ విడిచి తిరిగి వచ్చినవారిని సంఘం చేర్చుకుంటుంది. పేదల నుంచి వాగ్దానం చేసి తీసుకున్న సొమ్మును తిరిగి ఇవ్వడం ఆ మార్పులో భాగం. జక్కయ్య ఇంట రక్షణ వచ్చిన దినాన జరిగినది అదే.

ఐదవ భాగం: విజ్ఞప్తులు

31. సభ విజ్ఞప్తి చేస్తున్నది, ఈ బోధ చేస్తున్న ప్రసంగీకులకు: మీ కూటాలకు వస్తున్నవారు మీకు దాతలు కాదు, మీకు అప్పగించబడిన గొఱ్ఱెలు. పౌలు రాత్రింబగళ్లు చేతులారా పని చేసి ఎవరికీ భారం కాకుండా సువార్త ప్రకటించాడు. అతని మాదిరి మీ ముందు ఉన్నది. విత్తన కానుక వసూలు ఆపండి.

32. సభ విజ్ఞప్తి చేస్తున్నది, క్రైస్తవ టీవీ చానళ్లకు, వేదాంత కళాశాలలకు: డబ్బు చెల్లించిన ప్రతి ప్రసంగానికీ ప్రసార సమయం అమ్మే విధానాన్ని చానళ్లు పునఃపరిశీలించాలి. రోగుల పరామర్శ, సంఘ లెక్కల నిర్వహణ కాపరి శిక్షణలో తప్పనిసరి పాఠాలు కావాలి.

33. సభ విజ్ఞప్తి చేస్తున్నది, అమెరికాలో, గల్ఫ్‌లో, ఇతర దేశాల్లో ఉన్న తెలుగు విశ్వాసులకు: స్వదేశంలోని పరిచర్యకు పంపే ప్రతి కానుకకు ముందు దాని ఆడిట్ లెక్క అడగండి. ఇక్కడి గ్రామ సంఘాన్ని, అందులోని విధవరాలిని మీరు స్వయంగా ఎరుగుదురు. మీ సాయం ముందు వారికి చేరనివ్వండి.

34. సభ తెలియజేస్తున్నది, ఈ బోధ వల్ల గాయపడిన ప్రతి విశ్వాసికి: మీ బిడ్డ చనిపోవడం మీ విశ్వాసం తక్కువై కాదు. మీ జబ్బు నయం కాకపోవడం మీరు ఇచ్చిన కానుక చాలక కాదు. మీ అప్పు మీ శాపం కాదు. క్రీస్తు మీ కోసం దరిద్రుడయ్యాడు. ఆయన వద్దకు రావడానికి మీరు ఏదీ చెల్లించనక్కరలేదు. మీ సంఘానికి తిరిగి రండి. మందులు మానివేసినవారు రేపే డాక్టరు దగ్గరకు వెళ్లండి. మీ కాపరి మీతో వస్తారు.

ఈ తీర్మానాన్ని ఒక సంఘ పెద్ద ప్రతిపాదించగా స్త్రీల సమాజ ప్రతినిధి బలపరిచారు. సభ్యులందరూ లేచి నిలబడి ఏకగ్రీవంగా ఆమోదించారు. దీని ప్రతిని ప్రతి సంఘానికి పంపాలనీ, అందిన తరువాతి ఆదివారం ఆరాధనలో పూర్తిగా చదివి వినిపించాలనీ, 21 నుంచి 30 వరకు ఉన్న తీర్మానాల అమలుపై ప్రతి సంఘం ఏడాదిలోగా రాతపూర్వక నివేదిక సమర్పించాలనీ సభ నిర్ణయించింది.